కేసు మన వీధిలోనే ఉంది

అంతర్జాతీయ బిజినెస్ కేస్ పోటీల్లో ఇరవై ఏళ్ల డిగ్రీ విద్యార్థులు పెద్ద పెద్ద కంపెనీల చిక్కుముళ్లు విప్పుతున్నారు. మాంట్రియల్, కోపెన్‌హాగెన్, బ్యాంకాక్ వేదికల మీద జరిగే ఆ చర్చకు కావలసిన సరుకంతా హైదరాబాద్‌లోని ఉప్పల్ రింగ్ రోడ్డు చుట్టూ, నాచారం పారిశ్రామికవాడ లోపల ఉంది. అక్కడి కాలేజీల పిల్లలకే ఆ పోటీల సంగతి తెలియదు.

పోటీ ఇలా మొదలవుతుంది. గదిలో నలుగురు విద్యార్థులు. బల్ల మీద పాతిక ముప్పై పేజీల కాగితాల కట్ట, దాన్నే ‘కేసు’ అంటారు. అందులో ఒక కంపెనీ కథ ఉంటుంది: ఎలా పుట్టింది, ఎలా పెరిగింది, ఇప్పుడు ఎక్కడ ఇరుక్కుంది. చివరి పేజీల్లో లాభనష్టాల పట్టికలు, మార్కెట్ లెక్కలు. తలుపు మూసుకున్న క్షణం నుంచి గడియారం నడుస్తూనే ఉంటుంది. కొన్ని పోటీల్లో గడువు మూడు గంటలే, కొన్నింటిలో ఒక పగలూ ఒక రాత్రీ. సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం 1999 నుంచి నడుపుతున్న గ్లోబల్ బిజినెస్ కేస్ కాంపిటీషన్‌లో 48 గంటలు. గడువు ముగిసేసరికి ఆ నలుగురి దగ్గర ఒక నిర్ణయం ఉండాలి. దాన్ని నిలబెట్టే లెక్కలుండాలి, అమలు చేసే దారి ఉండాలి, బెడిసికొడితే ఏం చేయాలో కూడా ఉండాలి.

తర్వాత న్యాయనిర్ణేతల ముందు నిలబడాలి. వాళ్లు చాలాసార్లు పాఠాలు చెప్పే అధ్యాపకులు కారు. కంపెనీల్లో అలాంటి నిర్ణయాలు తీసుకుని, కొన్నింటిలో దెబ్బతిన్నవాళ్లు. జట్టు చెప్పేది పదిహేను ఇరవై నిమిషాలు విని, ఆ తర్వాత ప్రశ్నలు మొదలుపెడతారు. పోటీ అసలు రంగు అప్పుడు బయటపడుతుంది. ‘ఈ అంకె ఎక్కడిది?’, ‘మీ పోటీ కంపెనీ రేపే ధర తగ్గిస్తే?’, ‘ఇంత డబ్బు బోర్డు ఎందుకివ్వాలి?’ బట్టీ పట్టిన జవాబు అక్కడ పది సెకన్లు కూడా నిలవదు.

ఈ పద్ధతికి మూలం హార్వర్డ్. 1908లో పుట్టిన హార్వర్డ్ బిజినెస్ స్కూలుకు 1919లో వాలెస్ డోనమ్ డీన్‌గా వచ్చాడు. ఆయన న్యాయశాస్త్రం చదివినవాడు. లా విద్యార్థులు పాత తీర్పులు చదివి వాదించుకుంటూ నేర్చుకున్నట్టే, వ్యాపార విద్యార్థులు నిజమైన కంపెనీల సమస్యలు చదివి నేర్చుకోవాలన్నాడు. 1921లో ఒక చెప్పుల కంపెనీ మీద రాసిన చిన్న కేసుతో ఆ పని మొదలైంది. తరగతి గదిలోని ఆ వాదన పోటీగా మారడానికి ఇంకొన్ని దశాబ్దాలు పట్టింది. కెనడాలోని క్వీన్స్ విశ్వవిద్యాలయం 1978లోనే డిగ్రీ విద్యార్థులకు పోటీ పెట్టింది. బ్యాంకాక్‌లోని థమ్మసాత్ 1998లో, కోపెన్‌హాగెన్ బిజినెస్ స్కూల్ 2002లో, మాంట్రియల్‌లోని జాన్ మోల్సన్ స్కూల్ 2009లో ఈ బాట పట్టాయి. ఆక్లాండ్ నుంచి బెల్‌గ్రేడ్ దాకా ఇప్పుడు ఈ పోటీలకు ఓ క్యాలెండరే ఉంది.

హైదరాబాద్‌కు ఇది కొత్త విద్యేమీ కాదు. బెల్లా విస్టాలో అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ 1957లో తొలి కోర్సు మొదలుపెట్టినప్పటి నుంచీ అధికారులు, కంపెనీల మేనేజర్లు చిన్న చిన్న బృందాలుగా కూర్చుని సమస్యల మీద తర్జనభర్జన పడే పద్ధతి ఈ ఊళ్లో ఉంది. ఇక్ఫాయ్ బిజినెస్ స్కూల్ వాళ్లు హైదరాబాద్‌లో కూర్చుని రాసిన కేసులు బ్రిటన్‌లోని కేస్ సెంటర్ ద్వారా దేశదేశాల తరగతి గదుల్లోకి వెళ్లాయి. అంటే కేసులు రాసే ఊరు ఇది, చర్చించే ఊరు కూడా ఇదే. ఆ చర్చ నగరం తూర్పు దిక్కున డిగ్రీ కాలేజీల దాకా రాకపోవడమే బాధ.

హైదరాబాద్ గెలిచిన రోజు

2014 సెప్టెంబరు. న్యూయార్క్‌లో క్లింటన్ గ్లోబల్ ఇనిషియేటివ్ వార్షిక సమావేశం. విద్యార్థుల పోటీల్లో పెద్ద పేరున్న హల్ట్ ప్రైజ్ ఫైనల్ అక్కడే జరిగింది. ఆ ఏడాది ప్రశ్న: నగరాల మురికివాడల్లో బీపీ, షుగర్ లాంటి దీర్ఘకాలిక జబ్బులతో బతుకుతున్న కోట్ల మందికి అందుబాటు ఖర్చులో వైద్యం ఎలా చేరవేయాలి? ఫైనల్‌కు వచ్చిన ఆరు జట్లలో ఒకటి గచ్చిబౌలిలోని ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్‌ది. ‘నానోహెల్త్’ అనే ఆ జట్టు ఆలోచన వినడానికి చాలా మామూలుగా ఉంటుంది. బస్తీలోని మనిషికే శిక్షణ ఇచ్చి, చేతికి పరీక్షల పరికరాలున్న ఒక సంచి ఇచ్చి ఇంటింటికీ పంపాలి. జబ్బు ముదరకముందే పట్టుకోవాలి. ఆ ఆలోచనకు పది లక్షల డాలర్ల బహుమతి దక్కింది. ప్రకటించింది అమెరికా మాజీ అధ్యక్షుడు బిల్ క్లింటన్.

ఐఎస్‌బీ జట్టు పీజీ స్థాయిది, నిజమే. అదే ఫైనల్లో వాళ్ల పక్కన నిలబడిన పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం జట్టు మాత్రం డిగ్రీ పిల్లలది. బస్తీల్లో పళ్లు పుచ్చిపోకుండా జైలిటాల్ కలిపిన చూయింగ్ గమ్ అమ్మాలన్నది వాళ్ల ప్రతిపాదన. దానికోసం వాళ్లు బెంగళూరు బస్తీలకు వచ్చి వెళ్లారు. రెండేళ్ల తర్వాత 2016లో బహుమతి గెలుచుకున్నది కూడా డిగ్రీ విద్యార్థులే. ఇండియానాలోని ఎర్ల్‌హామ్ అనే చిన్న కాలేజీ వాళ్లది. నైరోబీలో బస్సు కోసం గంటలకొద్దీ నిలబడే ప్రయాణికుడు మామూలు ఫోన్ నుంచి ఎస్సెమ్మెస్ పంపి టికెట్ కొనుక్కునే పద్ధతి వాళ్లు తయారుచేశారు.

నైరోబీ బస్‌స్టాప్‌లో నిలబడ్డ మనిషి కష్టం ఉప్పల్ ఎక్స్ రోడ్స్‌లో ఘట్‌కేసర్ బస్సు కోసం చూసే విద్యార్థికి ఎవరూ వివరించనక్కర్లేదు. వివరించాల్సిందల్లా ఆ కష్టం మీద ఆలోచిస్తే దాన్ని వినే వేదికలు ప్రపంచంలో ఉన్నాయన్న సంగతి.

ఆ సంగతి ఎందుకు చేరడం లేదు? మొదటి కారణం తలుపులే. పేరున్న డిగ్రీ స్థాయి పోటీలు ఎక్కువగా ఆహ్వానం మీద నడుస్తాయి. కోపెన్‌హాగెన్ అయినా ఆక్లాండ్ అయినా జట్టును పిలవదు, కాలేజీని పిలుస్తుంది. ఆ కాలేజీకి అంతర్జాతీయ గుర్తింపు ఉండాలి, జట్టును తయారుచేసే అధ్యాపకుడుండాలి, విమాన ఖర్చు భరించే శక్తి ఉండాలి. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉన్న మామూలు డిగ్రీ కాలేజీకి ఈ మూడూ ఒకేసారి దొరకవు. రెండో కారణం చదువు తీరు. దోస్త్ ఆన్‌లైన్ ప్రవేశాల్లో సీటు, సెమిస్టర్ పరీక్షలు, గైడ్లు, ఇంటర్నల్ మార్కులు. మార్కెటింగ్ నాలుగు సూత్రాలు ఏవో బీబీఏ విద్యార్థి గడగడా చెప్పగలడు. హబ్సిగూడలో రెండు టిఫిన్ సెంటర్లు పక్కపక్కనే ఉంటే ఒకటే ఎందుకు కిటకిటలాడుతోందని అడిగేవాళ్లు తరగతిలో ఉండరు. 2024-25 నుంచి బీబీఏ కోర్సులు ఏఐసీటీఈ పరిధిలోకి వచ్చాయి. అనుమతుల పత్రాలతోపాటు బోధన కూడా మారితేనే ఆ మార్పుకు అర్థం.

మూడో కారణం చాలా ఇళ్లలో ఉన్నదే. డిగ్రీ చదువుతూనే డెలివరీ పనికో ట్యూషన్లు చెప్పడానికో వెళ్లే పిల్లవాడికి వారాంతం ఖాళీగా ఉండదు. పోటీకి సిద్ధపడడమూ చదువులో భాగమేనని, దానికీ మార్కులున్నాయని కాలేజీ చెప్పకపోతే అతను ఎప్పటికీ రాలేడు.

నాగోలు నుంచి మొదలయ్యే పాఠం

కేసు కావాలంటే అమెరికా పుస్తకం తెప్పించుకోనక్కర్లేదు. ఉప్పల్ మెట్రో స్టేషన్ మెట్లెక్కితే చాలు.

2008లో హైదరాబాద్ మెట్రో కాంట్రాక్టును మేటాస్ అనే నిర్మాణ సంస్థ దక్కించుకుంది. మామూలుగా ఇలాంటి ప్రాజెక్టుకు ప్రభుత్వమే ఎదురు డబ్బివ్వాలి. మేటాస్ మాత్రం తనే ప్రభుత్వానికి ఏళ్ల తరబడి మొత్తం 30,311 కోట్ల రూపాయలు చెల్లిస్తానంది. ఢిల్లీ మెట్రో సారథి ఇ.శ్రీధరన్ ఆ బిడ్ మీద అప్పుడే అభ్యంతరం చెప్పారు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు లేఖ బయటికొచ్చింది. పుస్తకాల్లో చూపిన నగదులో 5,040 కోట్లు అసలు లేనేలేవని అందులో ఉంది. సత్యంతో పాటే అదే కుటుంబానికి చెందిన మేటాస్ కూడా చిక్కుల్లో పడింది. డబ్బు సమకూర్చుకోలేక ఆ ఏడాదే కాంట్రాక్టు పోగొట్టుకుంది. మళ్లీ టెండర్లు పిలిస్తే ఎల్ అండ్ టీ ముందుకొచ్చింది. ఈసారి ప్రభుత్వం 1,458 కోట్లు ఇచ్చేలా 2010 సెప్టెంబరులో 35 ఏళ్ల ఒప్పందం కుదిరింది. ఒకే మెట్రో, ఒకే ఊరు. ఒకరు వేల కోట్లు ఇస్తామన్నారు, ఇంకొకరు వెయ్యిన్నర కోట్లు ఇవ్వమన్నారు. ఇంత తేడా ఎలా వచ్చింది? ఈ ఒక్క ప్రశ్న చాలు, బీకాం రెండో ఏడాది క్లాసును ఒక పూట కదలకుండా కూర్చోబెట్టడానికి.

2017 నవంబరు 29న నాగోలు నుంచి మియాపూర్ దాకా రైళ్లు జనానికి అందుబాటులోకి వచ్చాయి. డిపో ఉప్పల్‌లోనే కట్టారు. తర్వాత కొవిడ్‌తో 2020లో నెలల తరబడి రైళ్లు ఆగాయి. 2023 డిసెంబరులో ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చింది. తొలి అంచనాల్లో రోజుకు 15 లక్షల మంది అన్నారు. ఎక్కేది నాలుగున్నర లక్షల దరిదాపుల్లో. 2025 మే నెలలో ఛార్జీలు 12 నుంచి 75 రూపాయలకు పెంచి, జనం గోల పెట్టాక పది శాతం తగ్గించి 11 నుంచి 69కి తెచ్చారు. అదే ఏడాది సెప్టెంబరులో ఎల్ అండ్ టీ తప్పుకోవడానికీ, దాదాపు 13 వేల కోట్ల అప్పును రాష్ట్ర ప్రభుత్వం నెత్తికెత్తుకుని కంపెనీకి మరో రెండు వేల కోట్ల దాకా చెల్లించడానికీ సూత్రప్రాయంగా అంగీకారం కుదిరింది.

ఇప్పుడు నలుగురు విద్యార్థులు, ఒక కాగితం. సగటు టికెట్ 35 రూపాయలనుకుందాం. నాలుగున్నర లక్షల మందితో రోజుకు కోటీ 57 లక్షలు. ఏడాదికి 575 కోట్లు. పదమూడు వేల కోట్ల అప్పు మీద వడ్డీ ఎనిమిది శాతం అనుకుంటే ఏడాదికి 1,040 కోట్లు. అంటే రైళ్లు నడిపే ఖర్చు, జీతాలు, కరెంటు బిల్లు ఏవీ లెక్కలోకి తీసుకోకుండానే టికెట్ల డబ్బు వడ్డీలో సగానికి కాస్త పైన వస్తోంది. ప్రయాణికులు ఉన్నపళంగా రెట్టింపైనా వచ్చేది 1,150 కోట్లు. వడ్డీ కట్టి నూట పది కోట్లు మిగులుతాయి, అంతే.

ఈ లెక్క వేసిన జట్టుకు ఒక సంగతి అర్థమవుతుంది. ‘ఛార్జీలు పెంచాలి’ అన్న సులువైన జవాబు జవాబే కాదు. మరి ఏది? స్టేషన్ల చుట్టూ కోటీ 85 లక్షల చదరపు అడుగుల మేర మాల్స్, ఆఫీసులు కట్టి అద్దెలు రాబట్టుకోవచ్చని ఒప్పందంలో ఉంది. కట్టింది అందులో కొంతే. ఎందుకు? ప్రయాణికుల సంగతీ చూడాలి. నాచారం కంపెనీల్లో పనిచేసే మనిషి హబ్సిగూడ దాకా వచ్చి రైలెక్కాలి. ఆ కాస్త దూరానికి షేర్ ఆటో ఖర్చు, ఎండ, వాన కలిపి చూసుకుంటే బండి మీద వెళ్లడమే నయమనిపిస్తుంది. ఉప్పల్ రింగ్ రోడ్డు మీద 2023 జూన్‌లో తెరిచిన స్కైవాక్ రోడ్డు దాటే కష్టాన్ని తగ్గించింది. అలాంటిది ప్రతి స్టేషన్‌కూ ఎంత ఖర్చుతో సాధ్యం? ఎంతమంది కొత్తగా ఎక్కుతారు? జట్టు ఇక్కడిదాకా వస్తే న్యాయనిర్ణేత ముందుకు వంగి అడుగుతాడు: ‘అప్పు తీరదని మీ లెక్కే చెబుతోంది కదా. మరి ప్రభుత్వం మెట్రోను ఎందుకు తీసుకోవాలి?’ దీనికి తడబడకుండా జవాబు చెప్పగల ఉప్పల్ విద్యార్థి మాంట్రియల్ వేదిక మీద కూడా తడబడడు.

ఇంకా వెతికితే కావలసినన్ని. నాచారంలోనే ప్రధాన కార్యాలయం ఉన్న అరాజెన్‌ను చూడండి. 2001లో జీవీకే బయోగా మొదలై 2021లో పేరు మార్చుకుంది. ప్రపంచ ఔషధ కంపెనీల కోసం పరిశోధన చేసిపెట్టడం దాని వ్యాపారం. సొంత మందు పేరు ఒక్కటీ జనం నోట్లో నానకుండా అంత పెద్ద సంస్థ ఎలా నిలబడుతుంది? ఉప్పల్ స్టేడియంలో 2005 నవంబరులో తొలి వన్డే జరిగింది. ఐపీఎల్ రాత్రుల్లో నిండిపోతుంది, మిగతా ఏడాదిలో చాలా భాగం ఖాళీ. ఆ ఖాళీ రోజుల్ని ఎవరికి అమ్మాలి? ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఎలివేటెడ్ కారిడార్ పనులు 2018లో మొదలై ఏళ్ల తరబడి సాగాయి. ఆ దుమ్ములో, ఆ గుంతల పక్కన ఫర్నిచర్ షాపులు, హోటళ్లు, మెకానిక్ షెడ్లు ఎలా నెట్టుకొచ్చాయి? ఎవరు మూసేశారు, ఎవరు ఫోన్ ఆర్డర్లకు మారారు, అద్దె ఎవరు తగ్గించారు? ఈ చివరి కేసును రాయడానికి ప్రొఫెసర్ అక్కర్లేదు. నలుగురు విద్యార్థులు నోటుపుస్తకాలు పట్టుకుని రెండు ఆదివారాలు ఆ రోడ్డు మీద నడిస్తే, ఏ బిజినెస్ స్కూలు దగ్గరా లేని కేసు తయారవుతుంది. ఈ పేటల్లోని కాలేజీలు ముందుగా చేపట్టాల్సిన పని ఇదే.

గదిలో ఎవరి పని ఏది?

పోటీల్లో బాగా నిలిచే జట్ల పని తీరులో ఒక క్రమం కనిపిస్తుంది. కేసు చేతికి రాగానే ఎవరూ మాట్లాడరు, అందరూ చదువుతారు. తర్వాత అసలు సమస్యను ఒక్క వాక్యంలో రాస్తారు. ఆ వాక్యం మీద నలుగురికీ ఒప్పుదల కుదిరేదాకా స్లైడ్ల జోలికి వెళ్లరు. ఆపైన ఒకరు అంకెలు చూస్తే, ఒకరు మార్కెట్ చూస్తారు, ఒకరు అమలు దశలు రాస్తారు, ఇంకొకరు మొత్తం కథను కూర్చుతారు. చూపించేది పది పదిహేను స్లైడ్లే. వాటి వెనక మరో ఇరవై ముప్పై దాచి ఉంచుతారు. ఏ ప్రశ్న వస్తుందో ఊహించి ముందే తయారుచేసినవి. న్యాయనిర్ణేత ప్రశ్న పూర్తయ్యేలోగా సరైన స్లైడ్ తెర మీదికొస్తే సగం మార్కులు అక్కడే పడతాయి.

కొత్త జట్లు చేసే పొరపాటు కూడా ఒకటే. సమస్యను వర్ణించడానికే సమయమంతా ఖర్చు చేసి, నిర్ణయం దగ్గరికొచ్చేసరికి ‘ఇదీ చేయవచ్చు, అదీ చేయవచ్చు’ అంటారు. పరీక్షలో అన్ని పాయింట్లూ రాస్తే మార్కులు వస్తాయి. ఇక్కడ ఒకటి ఎంచుకుని మిగతావి ఎందుకు వదిలేశారో చెబితేనే వస్తాయి.

ఇంగ్లిష్ భయం గురించి ఒక మాట. తెలుగు మీడియంలో టెన్త్ చదివి వచ్చిన పిల్లలను వెనక్కి లాగేది ఎక్కువగా అదే. థాయిలాండ్, డెన్మార్క్, సెర్బియా విద్యార్థులు ఈ పోటీల్లో పాల్గొంటారు, సొంతంగా నిర్వహిస్తారు కూడా. వాళ్లెవరికీ ఇంగ్లిష్ అమ్మభాష కాదు. చిన్న వాక్యాల్లో, తొందర లేకుండా, అంకె చూపించి మాట్లాడడం అలవాటు చేసుకున్నారు. ఆ అలవాటు రావాలంటే మొదటి నాలుగైదు కేసులు తెలుగులోనే వాదించుకోవడం మేలు. ఆలోచన పదునెక్కాక భాష మార్చుకోవడం నెలల పని. ఆలోచనే లేకుండా భాష ఒక్కటే నేర్పే స్పోకెన్ ఇంగ్లిష్ కోర్సులు ఆ లోటు తీర్చవు.

కాలేజీకి ఆహ్వానం లేకపోయినా తెరిచి ఉన్న తలుపులు కొన్ని ఉన్నాయి. హల్ట్ ప్రైజ్‌కు డిగ్రీ విద్యార్థులూ పోటీపడవచ్చు. కాలేజీలోనే తొలి రౌండ్ నిర్వహించుకునే ఏర్పాటు కూడా అందులో ఉంది. లోరియల్ కంపెనీ 1992 నుంచి నడుపుతున్న బ్రాండ్‌స్టార్మ్‌లో ముగ్గురు కలిసి జట్టుగా దిగవచ్చు, తొలి దశలు ఆన్‌లైన్‌లోనే. షేర్ మార్కెట్ మీద ఆసక్తి ఉన్నవాళ్లకు సీఎఫ్‌ఏ ఇన్‌స్టిట్యూట్ రీసెర్చ్ ఛాలెంజ్ ఉంది. ఒక లిస్టెడ్ కంపెనీని నెలల తరబడి తవ్వి, దాని షేరు కొనాలా అమ్మాలా అన్న నివేదిక రాయాలి. దీనికి కాలేజీ తరఫున పేరు నమోదు కావాలి, కాబట్టి విద్యార్థులే వెళ్లి ప్రిన్సిపల్‌ను అడగాలి.

జట్లను ప్రశ్నించగలవాళ్లూ ఇక్కడే ఉన్నారు. ఉప్పల్‌లో జెన్‌ప్యాక్ట్ ఆఫీసు ఉంది, ఎన్‌ఎస్‌ఎల్ అరీనా ఆఫీసుల సముదాయం ఉంది. ఈ చుట్టుపక్కల కాలేజీల్లో బీకాం చదివి, అలాంటి ఆఫీసుల్లో రాత్రి షిఫ్టుల్లో విదేశీ కంపెనీల బిల్లులు, పద్దులు చూస్తున్నవాళ్లు ఎందరో. నాచారం ప్లాంట్లలో ఉత్పత్తి, కొనుగోళ్లు చూసే మేనేజర్లు అంతకంటే దగ్గర. న్యాయనిర్ణేతల కోసం కాలేజీలు గచ్చిబౌలి దాకా వెళ్లనక్కర్లేదు. నెలకో శనివారం, ఒక తరగతి గది, ఒక కేసు, మూడు జట్లు చాలు. ఆ ఆఫీసుల్లో పనిచేస్తున్న పాఠకులు ఈ వారమే తాము చదివిన కాలేజీకి ఫోన్ చేసి, రెండు గంటలు కూర్చుని పిల్లలను ప్రశ్నలడగడానికి తాము సిద్ధమని చెప్పండి.